ఎక్స్‌రే బాగానే ఉందన్నాక చూసుకోవలసినవి

మా దగ్గరకు వచ్చేవారిలో చాలామంది చంకలో ఒక పెద్ద కవరు ఉంటుంది. కుర్చీలో కూర్చోకముందే అందులోంచి ఫిల్ము తీసి వెలుతురుకు ఎత్తి చూపిస్తారు. "ఎముకలకేమీ కాలేదన్నారు మేడం. మరి ఈ నొప్పి ఏమిటి?" అంటారు.

నేను సూర్యాపేటలో ఫిజియోథెరపిస్టును. హైదరాబాద్–విజయవాడ జాతీయ రహదారి మా ఊరి మీదుగానే పోతుంది కాబట్టి ప్రమాదాల వాటా కూడా మాకు పెద్దదే. సంక్రాంతి రద్దీలో వెనకనుంచి కార్లు గుద్దుకున్న వారం మెడనొప్పులు వస్తాయి. మిరప కోతల కాలంలో కూలీల ఆటోలు బోల్తాపడితే భుజాలు, తొడలు వస్తాయి. మోటారు సైకిళ్ళ మీద నుంచి పడినవారి మోకాళ్ళకు మాత్రం కాలంతో పని లేదు.

ఎక్స్‌రే ఎముకను చూపిస్తుంది. కండరం, లిగమెంటు (ఎముకను ఎముకకు కలిపే పట్టీ), స్నాయువు (కండరాన్ని ఎముకకు అతికించే తాడు), నరం, రక్తనాళం, చర్మం కింది కొవ్వు పొర తెగినా నలిగినా అందులో కనబడవు. ఫిల్ము చూసి "ఏమీ కాలేదు" అన్న డాక్టరు అబద్ధం చెప్పలేదు, ఎముక సంగతి చెప్పాడు. మిగతా ప్రశ్నలు మనం అడగాలి. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో గాయపడినవారు 4,43,366 మంది అని కేంద్ర రవాణా శాఖ లెక్క. అది పోలీసు రికార్డుకు ఎక్కిన లెక్క. లేచి, దుమ్ము దులుపుకొని, బండి స్టార్టు చేసుకొని ఇంటికి వెళ్ళిపోయినవారు అందులో లేరు. నా దగ్గరకు ఆలస్యంగా వచ్చేది ఎక్కువగా వాళ్ళే.

ఈ దెబ్బలన్నీ ఒకేసారి బయటపడవు. కొన్ని గంటల్లో, కొన్ని మర్నాడు, కొన్ని రెండు మూడు వారాలకు బయటపడతాయి. అందుకే ఏది ఎప్పుడు చూసుకోవాలో ఆ వరుసలోనే చెబుతాను.

మొదటి గంటలు

అన్నిటికంటే ముందు భయపడవలసినది బిగుసుకుపోయిన పిక్క. మోకాలి కింద, మోచేతి కింద కండరాలు అరలు అరలుగా ఉంటాయి. ఒక్కో అర చుట్టూ సాగని దళసరి పొర ఉంటుంది. కాలు బండి కింద నలిగినప్పుడు లోపల రక్తం కారుతుంది, కండరం ఉబ్బుతుంది. పొర సాగదు. ఒత్తిడంతా లోపలే పెరిగి, ఆ కండరానికి రక్తం అందడం ఆగిపోతుంది. కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్ అంటే ఇదే. ఎముక విరిగినవారిలో ఎక్కువ కనిపిస్తుంది, విరగనివారిలోనూ వస్తుంది. విరగనివారిలోనే చూపు దాటిపోతుంది, ఎందుకంటే ఎక్స్‌రే చూసి అందరూ ఊపిరి పీల్చుకుంటారు. సుమారు ఆరు గంటలు దాటితే కండరమూ నరమూ తిరిగిరానంతగా పాడవడం మొదలవుతుంది.

దీన్ని ఇంట్లోవాళ్ళు కూడా పట్టుకోవచ్చు. పైకి కనబడే దెబ్బకూ పేషెంటు పడే బాధకూ పొంతన ఉండదు. నొప్పి ఇంజెక్షన్ ఇచ్చిన తర్వాత కూడా అరుస్తూనే ఉంటాడు. పిక్కను నొక్కితే వేలు దిగదు, చర్మం నిగనిగలాడుతూ ఉంటుంది. అప్పుడు కాలి బొటనవేలిని మీరే పట్టుకొని మెల్లగా పైకి, తర్వాత కిందికి వంచండి. పేషెంటు తనంతట తాను కదపకూడదు. వేలు వంచితే పిక్కలో ప్రాణం పోయేంత నొప్పి వచ్చిందంటే ఇక ఆలోచించవద్దు. బొటనవేలికీ పక్క వేలికీ మధ్య చర్మం మొద్దుబారిందేమో కూడా దూదితో తాకి చూడండి. "పాదం దగ్గర నాడి కొట్టుకుంటోంది, భయం లేదు" అని ఎవరైనా ధైర్యం చెబితే ఆ ధైర్యం తీసుకోవద్దు. నాడి ఆగడం చివర్లో జరిగే పని. అప్పటికి కండరం పోయి ఉంటుంది.

ఇలా అనుమానం రాగానే కట్టు పూర్తిగా విప్పేయాలి. సిమెంటు కట్టు ఉంటే ఆసుపత్రిలో నిలువునా కోయించాలి. కాలిని దిండ్ల మీద ఎత్తుగా పెట్టకూడదు, గుండె ఎత్తులోనే ఉంచాలి. ఐసు పెట్టకూడదు. ఎముకల సర్జన్, ఆపరేషన్ థియేటర్ ఉన్న ఆసుపత్రికి 108లో తీసుకుపోవాలి. అక్కడ పొరను పొడుగునా కోసి ఒత్తిడి వదిలేస్తారు. ఆ కోతను వెంటనే కుట్టరు. వాపు దిగాక కొన్ని రోజులకు మూస్తారు, లేదా చర్మం తెచ్చి అతికిస్తారు. తెరిచి ఉన్న గాయం చూసి బంధువులు "కాలు పాడుచేశారు" అని గొడవకు దిగడం నేను చూశాను. ఆ కోతే కాలిని కాపాడింది.

వెదురు బద్దలు పెట్టి, గుడ్డు సొన పూసి బిగించే నాటుకట్టు మీద మా జనానికి నమ్మకం పోదు. దాని మీద నేను వాదించను, వాదించి గెలిచింది లేదు. ఒక్కటే చెబుతాను. కట్టాక వేళ్ళు నీలంగా మారినా, చల్లబడినా, మొద్దుబారినా, నొప్పి గంటగంటకూ పెరిగినా అర్ధరాత్రయినా సరే విప్పేయండి. కట్టినవారిని అడగవలసిన పని లేదు. మోచేతి కింద ఇలా బిగిసిపోయి, వేళ్ళు ముడుచుకొని శాశ్వతంగా అలాగే ఉండిపోయిన పిల్లల చేతులు పట్టుకొని వ్యాయామం చేయించేది నేనే. ఆ వేళ్ళు నా చేతుల్లో ఎంత తెరుచుకుంటాయో నాకు తెలుసు కనుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మొదటి రోజునే చూడవలసినవి ఇంకా మూడున్నాయి. ట్రాక్టరు ట్రాలీ కిందో, బస్సు సీట్ల మధ్యో చాలాసేపు ఇరుక్కున్నవారి మూత్రం రంగు గమనించండి. పాలు పోయని టీ డికాక్షన్ రంగులో వస్తే నలిగిన కండరంలోని పదార్థం కిడ్నీల్లోకి దిగుతోందని అర్థం. 1941లో లండన్‌లో బాంబుదాడులకు కూలిన ఇళ్ళ కింద నలిగినవారు క్షేమంగా బయటికి వచ్చాక కూడా కిడ్నీలు ఆగి చనిపోవడం చూసి బైవాటర్స్ అనే వైద్యుడు దీన్ని వివరంగా రాశాడు. సెలైన్ ఎంత త్వరగా ఎక్కితే అంత మంచిది. ఈ పరిస్థితిలో డైక్లోఫినాక్ లాంటి నొప్పి మందులు కిడ్నీలకు ఇంకా చేటు చేస్తాయి.

రెండవది పొట్ట. సీటు బెల్టు ఒరుసుకున్న చార పొట్ట మీద కమిలి కనిపిస్తే, లేదా పిల్లవాడి పొట్టలో సైకిల్ హ్యాండిల్ గుచ్చుకుంటే, మొదటి స్కానింగ్ బాగుందని ఇంటికి వచ్చేయకండి. పేగుకు పడిన చిల్లు మొదటి అల్ట్రాసౌండ్‌లో దొరకకపోవచ్చు. మర్నాటికి పొట్ట బిగుసుకోవడం, వాంతులు, జ్వరం, లేచి నిలబడితే కళ్ళు తిరగడం కనిపిస్తే సీటీ స్కాన్ కావాలి. భుజానికి దెబ్బే తగలకుండా ఎడమ భుజం కొన నొప్పి పెడితే పొట్టలో ఎడమ పక్క పైన ఉండే ప్లీహం నుంచి రక్తం కారుతూ ఉండవచ్చు. అలాంటివారికి భుజం మీద బామ్ రాసి కూర్చోబెట్టకండి.

మూడవది చల్లబడిన పాదం. మోకాలు కీలు తప్పి, మళ్ళీ తనంతట తాను సర్దుకున్నప్పుడు వెనక ఉండే పెద్ద రక్తనాళం చిట్లవచ్చు. మోకాలు వాచి, రెండవ కాలితో పోలిస్తే పాదం చల్లగా, పాలిపోయి ఉంటే అది ఎముకల డాక్టరుతో తీరేది కాదు. రక్తనాళాల సర్జన్ ఉన్న చోటికి గంటల్లో చేరాలి.

మర్నాటి మెడ

వెనక నుంచి కారు గుద్దినప్పుడు తల వెనక్కి, ముందుకు ఊగుతుంది. అప్పుడు నొప్పి తెలియకపోవడం మామూలే. మర్నాడు పొద్దున దిండు మీద నుంచి తల ఎత్తబోతే తెలుస్తుంది. రెండు మూడు రోజుల్లో మెడ పట్టేయడం, తల వెనక భాగం నుంచి నుదుటి దాకా నొప్పి, భుజాల మధ్య మంట, కళ్ళు తిరిగినట్లుండటం, దవడ నొప్పి, దేని మీదా మనసు నిలవకపోవడం వరుసగా బయటపడవచ్చు. ఈ చివరిది చెప్పుకోవడానికి జనం సిగ్గుపడతారు. సిగ్గుపడవలసిందేమీ లేదు, కానీ తలకు కూడా దెబ్బ తగిలిందేమో డాక్టరు చూడాలి.

మెడలో ముందు తేల్చుకోవలసింది ఎముక సంగతి. వయసు 65 దాటినవారు, బండి మీద నుంచి ఎగిరిపడినవారు, వాహనం బోల్తాపడినవారు, చేతులు కాళ్ళు తిమ్మిరెక్కినవారు, మెడ వెనక సరిగ్గా మధ్యలో ఎముక మీద నొక్కితే నొప్పి ఉన్నవారు స్కానింగ్ అయ్యేదాకా మెడ తిప్పి చూసుకోకూడదు. అక్కడిదాకా కాలర్ అవసరం.

ఎముక బాగుందని తేలాక కాలర్ తీసేయాలి. మన దగ్గర ఇది తలకిందులుగా జరుగుతోంది. ప్రమాదం రోజున కాలర్ లేకుండానే ఆటోలో ఎక్కిస్తారు. ఏమీ లేదన్నాక మెడికల్ షాపులో కొనుక్కొని రెండు నెలలు పెట్టుకు తిరుగుతారు. కండరం మెత్తబడి, మెడ ఇంకా బిగుస్తుంది. కాలర్ బదులు గంటకోసారి కుర్చీలో నిటారుగా కూర్చుని, నొప్పి మొదలయ్యే చోటుదాకా తలను కుడికి, ఎడమకు పదేసి సార్లు తిప్పండి. గడ్డాన్ని కొద్దిగా వెనక్కి లాగి ఐదు అంకెలు లెక్కపెట్టి వదలండి. పని మానేసి పడుకోవద్దు. ఎక్కువమందికి మూడు నెలల లోపు తగ్గుతుంది. చేతిలోకి నొప్పి పాకుతున్నా, పట్టు తప్పి వస్తువులు జారిపోతున్నా ఆగకుండా డాక్టరును కలవాలి.

నూనె సీసా పక్కన పెట్టండి

దెబ్బ తగిలిన రోజు రాత్రే నూనె వేడి చేసి, కర్పూరం వేసి, ఒళ్ళంతా రుద్దడం మన ఇళ్ళలో ప్రేమకు గుర్తు. అత్తగారి చేతిలోంచి గిన్నె లాక్కోవడం ఎంత కష్టమో నాకు తెలియనిది కాదు. అయినా మొదటి మూడు రోజులు మర్దన వద్దు, ఉప్పు మూట కాపడం వద్దు. లోపల చిన్న రక్తనాళాలు తెగి రక్తం ఇంకా ఊరుతూ ఉంటుంది. వేడి, రాపిడి దాన్ని పెంచుతాయి. తొడ ముందు కండరంలో, మోచేయి చుట్టూ గట్టిగా రుద్దితే ఇంకో ప్రమాదం ఉంది. నలిగిన కండరంలోనే ఎముక పేరుకోవడం మొదలవుతుంది. మూడు నాలుగు వారాల తర్వాత ఎక్స్‌రే తీస్తే కండరం మధ్యలో తెల్లని మచ్చ కనిపిస్తుంది. అప్పటికి మోకాలో మోచేయో సగం దాకా కూడా వంగదు.

నూనెకు బదులు ఐసు పెట్టండి. గడ్డకట్టిన నీళ్ళ ప్యాకెట్ అయినా సరిపోతుంది. తడిగుడ్డ చుట్టి పదిహేను నిమిషాలు, రెండు మూడు గంటలకోసారి, రెండు రోజులపాటు. చర్మానికి నేరుగా ఆనించకూడదు. మొద్దుబారిన చోట అసలే పెట్టకూడదు. క్రేప్ బ్యాండేజీ కాలి వేళ్ళ దగ్గర మొదలుపెట్టి పైకి చుట్టాలి. ఒక్కో చుట్టు కింది చుట్టును సగం దాకా కప్పాలి. మోకాలి దగ్గర మాత్రమే బిగించి చుడితే వాపంతా పాదంలోకి దిగుతుంది. చుట్టాక కాలి గోరు నొక్కి వదలండి. రెండు సెకన్లలో ఎరుపు రాకపోతే వదులు చేయండి. రాత్రి విప్పి పడుకోండి. నొప్పికి మొదట పారాసిటమాల్ చాలు. గుండె జబ్బుకు రక్తం పలచన చేసే మాత్రలు వాడేవారు ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. వారికి చిన్న దెబ్బకే లోపల రక్తం ఎక్కువ చేరుతుంది.

తొడ పక్కన నీటి వాపు

ఇది నేను మనసుపెట్టి రాయాలనుకున్న భాగం. ఎందుకంటే దీని పేరు కూడా విననివారు చికిత్స చేస్తూ ఉంటారు.

బండి మీద నుంచి పడి రోడ్డు మీద పక్కకు ఈడ్చుకుపోయినప్పుడు, లేదా లారీ చక్రం తొడను ఒరుసుకుంటూ పోయినప్పుడు, చర్మమూ దాని కింది కొవ్వూ ఒక వైపుకు లాగబడతాయి. కండరం మీది గట్టి పొర అక్కడే ఉండిపోతుంది. రెండింటి మధ్య అతుకు ఊడిపోతుంది. చర్మం చిరగకపోవచ్చు కూడా. ఊడిన ఖాళీలోకి రక్తం, కరిగిన కొవ్వు, లింఫ్ ద్రవం చేరుతూ ఉంటాయి. 1853లో మోరెల్-లవాలే అనే ఫ్రెంచి సర్జన్ దీన్ని వర్ణించాడు, ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. ఎక్కువగా తుంటి పక్క ఎముక మీద, తొడ బయటి వైపు, నడుము కింద, మోకాలి చుట్టూ వస్తుంది.

దీన్ని కమిలిన మచ్చ అనుకొని వదిలేస్తారు. కానీ కమిలిన మచ్చ రోజురోజుకూ ఊదా నుంచి ఆకుపచ్చకు, పసుపుకు మారి సన్నగిల్లుతుంది. ఇది తగ్గకపోగా పదో రోజుకు పెరుగుతుంది. ఒక్కోసారి నెలల తర్వాత కూడా బయటపడుతుంది. మా దగ్గరకు వచ్చిన ఒక కుర్రాడు ప్యాంటు ఒక వైపు బిగుతుగా ఉందని గమనించి వచ్చాడు. నొప్పి పెద్దగా లేదు. తొడ బయటి వైపు రెండు అరచేతులు జానెడు దూరంలో ఆనించి ఒక చేత్తో నొక్కాను. రెండవ చేతి కింద చర్మం పైకి లేచింది. నీళ్ళు నింపి ముడివేసిన ప్లాస్టిక్ సంచిని తాకినట్లే ఉంది. చర్మాన్ని పక్కకు కదిపితే కింద ఆధారం లేనట్లు మామూలు కంటే ఎక్కువ జరిగింది. దూదితో తాకితే మధ్యలో స్పర్శ లేదు, అంచుల దగ్గర ఉంది. ఎందుకంటే చర్మానికి వచ్చే సన్నని నరాలు కూడా ఆ లాగుడుకు తెగిపోతాయి. ఊపు, జరుగుడు, స్పర్శ: ఈ మూడూ మీరు కూడా చూడవచ్చు. రెండు తొడలనూ పోల్చి చూడండి, తేడా తెలుస్తుంది.

తర్వాత అల్ట్రాసౌండ్ చేయించాలి. అవసరమైతే ఎమ్మారై. చిన్నదైతే, కొత్తదైతే గట్టి ఒత్తిడి కట్టు సరిపోవచ్చు. పెద్దదైతే సర్జన్ సూదితోనో గొట్టంతోనో ద్రవాన్ని తీస్తారు. ఒకేసారి 50 మిల్లీలీటర్లకు మించి వచ్చిన వాపు మళ్ళీ నిండే అవకాశం ఎక్కువ కనుక గొట్టం కొన్నాళ్ళు ఉంచడం, పొరలు అతుక్కునేలా మందు ఎక్కించడం, లేదా తెరిచి శుభ్రం చేయడం ఎంచుకుంటారు. నెలలు గడిస్తే ఆ ద్రవం చుట్టూ గట్టి తొడుగు ఏర్పడుతుంది. అప్పుడు కట్టుకు లొంగదు, తొడుగుతో సహా తీయాలి. వీధి చివరి క్లినిక్‌లో "నీరు లాగేస్తాను, పది నిమిషాలు" అంటే మాత్రం ఒప్పుకోకండి. ఆ ఖాళీలోకి క్రిములు వెళ్తే చీము పట్టి, పైచర్మం నల్లబడి ఊడిపోతుంది. ఇప్పటికే చర్మం నల్లబడుతున్నా, ఎర్రగా వేడిగా ఉండి జ్వరం వచ్చినా మర్నాటి దాకా ఆగవద్దు.

వారం లోపు ఒకసారి ఇంట్లో చేసి చూడండి

మంచం మీద వెల్లకిలా పడుకొని, మోకాలు వంచకుండా కాలిని జానెడు పైకి ఎత్తండి. నొప్పితో అయినా ఎత్తగలిగితే సరే. ఎంత ప్రయత్నించినా మడమ మంచం వదలకపోతే మోకాలి చిప్పకు పైనో కిందో స్నాయువు తెగి ఉండవచ్చు. దీన్ని రెండు వారాలలోపు కుట్టించుకుంటే ఫలితం బాగుంటుంది. వదిలేస్తే కండరం పైకి ముడుచుకుపోయి పని పెద్దదవుతుంది. పడిన గంట రెండు గంటల్లోనే మోకాలు ఉబ్బిందంటే లోపల రక్తం చేరిందనుకోవాలి. మోకాలి లోపల ముందు వైపు ఉండే లిగమెంటు (ఏసీఎల్) తెగినవారిలో ఎక్కువగా అలా జరుగుతుంది. మెట్లు దిగేటప్పుడు మోకాలు జారిపోతున్నట్లుంటే అదీ లిగమెంటు మాటే.

బోర్లా పడుకొని పాదాలు మంచం అంచు బయటికి వేలాడేయండి. ఎవరైనా పిక్కను గుప్పిటతో నొక్కాలి. పాదం కిందికి కదలాలి. కదలకపోతే మడమ స్నాయువు తెగింది.

చేతివేళ్ళను ఒక్కొక్కటీ పూర్తిగా చాచి, పూర్తిగా మడవండి. కొన కణుపు వాలిపోయి లేవకపోతే చిన్న బద్ద కట్టి ఆరు నుంచి ఎనిమిది వారాలు ఒక్క నిమిషం కూడా వంచకుండా ఉంచాలి. స్నానానికని ఒక పూట తీసినా లెక్క మళ్ళీ మొదటికి వస్తుంది. అద్దం ముక్క గుచ్చుకొని చిన్న గాటు పడిన వేలిని మడవలేకపోతే లోపల స్నాయువు తెగి ఉంటుంది. పైచర్మానికి రెండు కుట్లు వేసి పంపితే సరిపోదు, చేతి సర్జన్‌కు రోజుల్లో చూపించాలి. హ్యాండిల్ పట్టుకునే పడినవారు బొటనవేలి మొదట్లో నొప్పిని తేలిగ్గా తీసుకోవద్దు. తాళంచెవి గట్టిగా పట్టుకోలేకపోతే లిగమెంటు చూపించుకోవాలి.

అన్నిటికంటే విలువైన కాలం వృథా అయ్యేది భుజం మీద పడినవారి విషయంలో. తల ఒక పక్కకు, భుజం ఇంకో పక్కకు లాగబడి, మెడ నుంచి చేతికి వచ్చే నరాల అల్లిక సాగుతుంది, లేదా తెగుతుంది. చేయి వేలాడుతూ ఉంటుంది, మోచేయి వంగదు, చర్మం మొద్దు. ఎక్స్‌రేలో ఏమీ ఉండదు. జోలె కట్టి "నరం కదా, నెమ్మదిగా వస్తుంది, ఆరు నెలలు చూద్దాం" అంటారు. కొందరికి నిజంగానే వస్తుంది. రానివారికి మాత్రం ఆ ఆరు నెలలే ఆపరేషన్‌కు మంచి సమయం. సాధారణంగా మూడు నుంచి ఆరు నెలలలోపు నరాల ఆపరేషన్ చేస్తే ఫలితం దక్కుతుంది. ఏడాది, ఏడాదిన్నర దాటాక నరం అతికించినా అందుకునే కండరం మిగలదు. కాబట్టి మూడు నాలుగు వారాలకు నరాల పరీక్ష, ఎమ్మారై చేయించి, ఈ ఆపరేషన్లు చేసే సర్జన్‌ను ఒకసారి కలిసి ఉండండి. అదే వైపు కనురెప్ప వాలి, కంటిపాప చిన్నదైతే నరం వెన్ను దగ్గరే పెరికి వచ్చిందని అనుమానించాలి. అప్పుడు ఇంకా ముందే కలవాలి.

నడవకుండా పడుకున్నవారిలో ఒక పిక్క మాత్రమే వాచి వేడిగా ఉంటే రుద్దకండి. లోపలి రక్తనాళంలో (సిరలో) రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. హఠాత్తుగా ఆయాసం వస్తే ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరిందేమోనని వెంటనే 108కు ఫోన్ చేయాలి.

కదపడం ఎప్పుడు, ఎంత

తెగినవి లేవని తేలాక విశ్రాంతి రెండు మూడు రోజులకు మించవద్దు. పడుకున్న చోటే పాదాలను గంటకోసారి పైకి, కిందికి ఆడించండి. మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, దాన్ని మంచానికి అదిమి ఐదు అంకెలు ఆపండి. తర్వాత నిలబడటం, తర్వాత నడవడం, తర్వాత మెట్లు. ఎంత చేయాలన్నదానికి నేను చెప్పే లెక్క ఒకటే. చేస్తున్నప్పుడు నొప్పి పదికి మూడు నాలుగు దాటకూడదు, మర్నాడు పొద్దున లేచేసరికి పాత స్థాయికి దిగి ఉండాలి. దిగకపోతే నిన్న ఎక్కువైంది, ఈ రోజు సగం చేయండి. మానేయకండి. కండరం దెబ్బ మానడానికి మూడు నుంచి ఆరు వారాలు, లిగమెంటుకు ఆరు నుంచి పన్నెండు వారాలు, స్నాయువుకు అంతకంటే ఎక్కువ పడుతుంది. పది రోజుల్లో పొలానికి పంపాలని అడిగేవారికి నేను చెప్పగలిగింది ఇంతే.

కాగితాల సంగతి

ప్రమాదం అని ఆసుపత్రిలో రాయించండి, బాత్రూములో జారిపడ్డానని చెప్పవద్దు. కేసు గొడవ ఎందుకని అలా చెప్పినవారే తర్వాత బాధపడతారు. 2025 మే నుంచి అమల్లో ఉన్న కేంద్ర పథకం కింద రోడ్డు ప్రమాద బాధితులకు గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో ప్రమాదం జరిగిన రోజు నుంచి ఏడు రోజుల వరకు లక్షన్నర రూపాయల దాకా నగదు లేని చికిత్స అందుతుంది. ఇంట్లో చేసుకోమన్న పరీక్షలన్నీ వారం లోపు చేసి చూడమనడానికి ఇది కూడా ఒక కారణం.

గాయాల సర్టిఫికెట్‌లో ఎముక విరగని దెబ్బలను సాధారణ గాయాలని రాసేయడం అలవాటు. అయితే పాత శిక్షాస్మృతి స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 116వ సెక్షన్ ప్రకారం పదిహేను రోజులు తీవ్రమైన నొప్పి అనుభవించినా, రోజువారీ పనులు చేసుకోలేకపోయినా అది తీవ్ర గాయమే. పాత శిక్షాస్మృతిలో అది ఇరవై రోజులు. కనుక తర్వాత బయటపడిన లిగమెంటు, నరం దెబ్బల రిపోర్టులను మొదట చూసిన ఆసుపత్రికి తీసుకెళ్ళి రికార్డులో చేర్పించండి. కమిలిన చోటు ఫొటోలు తేదీతో ఉంచుకోండి. ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునల్‌లో దరఖాస్తు ప్రమాదం నుంచి ఆరు నెలలలోపు వేయాలని మోటారు వాహనాల చట్టంలో ఉంది.

మళ్ళీ బండి ఎక్కే ముందు

ఇది అందరూ అడిగేదే, నేను తేదీ చెప్పను. స్టాండు వేసి ఇంజను ఆపిన బండి మీద కూర్చోండి. రెండు భుజాల మీదుగా వెనక్కి తిరిగి చూడండి, నడుము తిప్పకుండా మెడ తిరగాలి. క్లచ్, బ్రేకు ఇరవై సార్లు గట్టిగా నొక్కి వదలండి. కుడిపాదంతో వెనక బ్రేకును హఠాత్తుగా తొక్కండి, మోకాలిలో గానీ పిక్కలో గానీ పొడిచినట్లు ఉండకూడదు. స్టాండు తీసి, బండిని దెబ్బ తగిలిన కాలి వైపుకు కొద్దిగా వాల్చి ఆ కాలి మీదే ఆపండి. పక్కన ఒక మనిషిని నిలబెట్టుకొని చేయండి. వీటిలో ఒక్కటి రాకపోయినా ఇంకో వారం ఆటోలో వెళ్ళండి.